ఎక్కినవాడే దించాలి

బి హాస్టల్, ఉస్మానియా యూనివర్సిటీ,
హైదరాబాదు, 12-11-1967

తార్నాక గుట్టలెక్కు సంఘాధ్యక్షులు శ్రీ ఉమాపతిగారి ఎడమకాలి దివ్యసముఖానికి, సంఘ కార్యదర్శి మొగిలి సాష్టాంగపడి చేసుకునే మనవి.

ఉమాపతీ, ఈ ఉత్తరం నీకు కాదు, నీ కాలికి. పెద్దవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు నువ్వు కొంచెం పక్కకు జరిగి కూర్చో.

కాలుగారూ, తమరు పిండికట్టు కట్టించుకుని, మా అధ్యక్షుణ్ణి కూడా వెంటబెట్టుకుని, కాచిగూడలో బెంగుళూరు బండెక్కి నెల అయింది. తమరు లేని లోటు యూనివర్సిటీలో ఎవరికీ తెలియకపోవడం విచారకరం. బి.ఎస్సీ. ఫైనలియర్ క్లాసులో తమరి బెంచీ మీద ఇప్పుడు ఎవరిదో గొడుగు కూర్చుంటున్నది. హాజరు పిలిచినప్పుడు గొడుగు తరఫున నేనే పలుకుతున్నాను.

ఈ ఉదయం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద సంఘ సర్వసభ్య సమావేశం జరిగింది. సభ్యులు ఇద్దరే అయినందునా, ఒకరు పెనుకొండలో మంచం మీద ఉన్నందునా, మిగిలిన సగం సంఘం ఏకగ్రీవంగా తమకు సానుభూతి తెలిపింది. తర్వాత, చరిత్ర మరుగున పడరాదని, మన దారుల పుస్తకం మొదటి పేజీలో చెరిగిపోయిన నిబంధనను మళ్ళీ సిరా పోసి రాసింది. అవధరించండి:

'మాణికేశ్వర్ నగర్‌లో దానయ్య కిరాయి సైకిళ్ళ దుకాణంలో మనకు దొరికేవి ఎప్పుడూ రెండే. తొమ్మిదో నంబరు తేలిక. గుట్టను మేకపిల్లలా ఎక్కుతుంది. కానీ దాని ముందు బ్రేకు అలంకారానికే, వెనక బ్రేకు ఒక్కటే దిక్కు. పదిహేడో నంబరు ఎద్దు. ఎక్కేటప్పుడు ఏడిపిస్తుంది, దిగేటప్పుడు మాత్రం చెప్పిన చోట నిలబడుతుంది. కావున న్యాయం ఏమనగా: ఎక్కినవాడే దించాలి. పైకి సుఖంగా పోయినవాడు కిందికి భయంగా రావాలి. గుట్ట మీద సైకిళ్ళు మార్చుకోరాదు.'

రెండేళ్ళలో, పదకొండు గుట్టల్లో, ఈ నిబంధన ఒక్కసారే తప్పింది. పోయిన నెల ఎనిమిదో తారీఖున మేకలబండ గుట్ట మీద, కార్యదర్శికి కడుపునొప్పి వచ్చిన కారణంగా. కార్యదర్శి కడుపు ఇప్పుడు కులాసా. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

ఏప్రిల్‌లో పరీక్షలు. ఫిబ్రవరికల్లా మా అధ్యక్షుణ్ణి తిరిగి తెచ్చి అప్పగించవలసిన బాధ్యత తమదే.

ఇట్లు తమ పాదధూళి (ఎర్రది),
మొగిలి


పెనుకొండ, 9-12-1967

మొగిలీ,

నీ ఉత్తరం కాలికి చదివి వినిపించాను. నవ్వింది. నవ్వితే ఎముక దగ్గర నొప్పి పుట్టింది, కాబట్టి ఇకముందు సంఘ కార్యక్రమాలు కొంచెం తక్కువ హాస్యంగా నడపవలసిందని అధ్యక్షుడి ఆజ్ఞ.

కట్టు విప్పారు. లోపలి నుంచి ఎవరిదో సన్నటి కాలు బయటికి వచ్చింది. నాదేనని డాక్టరు ఒట్టేశాడు. నడుస్తున్నాను. కుంటు కొద్దిగా ఉంది, పోతుందంటున్నారు. మా అమ్మ మాత్రం, "ఇంగోసారి సైకిలెక్కినావంటే ఆ రెండో కాలు నేనే ఇరిచి కూచోబెడ్తా" అని ఆశీర్వదించింది.

మంచం మీద పడుకుంటే కిటికీలోంచి మా ఊరి కొండ కనబడుతుంది. దాన్ని చూస్తే నాకు మన దారే గుర్తుకొస్తుంది. గోల్నాకలో మొదటి చాయ్. మూసీ దాటి, సరూర్‌నగర్ దాటి, ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద నువ్వు చేతులు వదిలేసి తొక్కడం, కొంగలన్నీ నిన్ను చూసి లేచిపోవడం. గుట్ట కింద సారలమ్మ గుడిసె ముందు సీతాఫలాల గంప. మొదటిసారి మనల్ని చూసి ఆమె, "గీ గుట్టెక్కి ఏం జేస్తరు బిడ్డా?" అంటే, "దిగుతం" అన్నావు నువ్వు. ఆమె చాలాసేపు ఆలోచించి, "గదేదో గీడనే కూసోరాదుండ్రి" అంది. ఆ ముసలమ్మే కదా తన చీర చింపి నా కాలికి కట్టి, బండి కట్టించింది. ఆమెకు నా తరఫున దండం చెప్పు.

ఒకటి అడుగుతాను. వేళాకోళం లేకుండా చెప్పు.

మూడో మలుపులో నేను బ్రేకు పట్టాననే నాకు గుర్తు. పట్టి ఉంటే సైకిలు ఆగాలి కదా. ఆగలేదు. సైకిలు బాగానే ఉందని తార్నాకలో మా మామకు నువ్వే చెప్పావట. అంటే నేను పట్టలేదన్నమాట. భయంతో చెయ్యి బిగుసుకుపోయి, పట్టానని భ్రమపడి ఉంటాను. నువ్వు నా వెనకనే వస్తున్నావు. ఏం చూశావు?

నవ్వకు. మంచం మీద రోజూ పిడికిలి మూస్తాను, తెరుస్తాను, చెప్పిన మాట వింటుందా అని. వింటూనే ఉంది. కానీ అప్పుడెందుకు వినలేదో తెలియనంత వరకు దాన్ని నమ్మలేను. మా నాయన రిజిస్ట్రారు కచేరీలో గుమాస్తా పని చూసి పెట్టాడు. చదువు చాలించి అందులో చేరమంటున్నాడు. హైదరాబాదు అనుకోగానే నాకు ఆ మలుపే కళ్ళలో తిరుగుతుంది. పరీక్షకు రావాలా వద్దా అన్నది నీ జవాబు మీద ఉంది.

నీ
ఉమాపతి


బి హాస్టల్, 21-1-1968

అధ్యక్షా,

జవాబు ఆలస్యమైంది. కారణం సిరా గడ్డకట్టడం. ఈసారి చలి అంత ఉంది. హాస్టల్లో స్నానం చేసినవాణ్ణి చూడటానికి జనం పోగవుతున్నారు.

సారలమ్మకు నీ దండం చెప్పడానికి బస్సులో వెళ్ళాను. బస్సులో వెళ్తే ఆ దారి దారిలా ఉండదు ఉమాపతీ. చెరువు కట్ట వచ్చిందని తెలిసేలోపే అయిపోతుంది. ఏ ఎత్తు దగ్గర ఊపిరి అందదో, ఏ వేపచెట్టు దగ్గర గాలి చల్లగా తగులుతుందో బస్సుకు తెలియదు. మన పుస్తకంలో 'ఇక్కడ ఉమాపతి తన తాతను తలుచుకున్నాడు' అని రాసుకున్న ఎత్తును డ్రైవరు బీడీ ముట్టిస్తూ ఎక్కించేశాడు. నాకు అవమానమనిపించింది. ఆ పైన మైలురాళ్ళు పీకి కిలోమీటరు రాళ్ళు పాతుతున్నారు. మనం ఇరవై ఎనిమిది మైళ్ళు తొక్కిన దారి ఇప్పుడు నలభై అయిదు అయింది. కూర్చున్న చోటే మన ఘనత పెరుగుతున్నది.

సారలమ్మ నీ కాలు సంగతి మూడుసార్లు అడిగింది. "గా పొడుగు పిలగాడు మంచోడు, పండ్లు తిని గింజలు దూరం ఉమ్ముతడు" అన్నది. నా సంగతి అడగలేదు.

ఇక దానయ్య. నీకొక రహస్యం చెప్పాలి. మనం తార్నాక దాకా పోయొచ్చామని చెప్పి, మూసీలో సైకిళ్ళు కడిగి, బుద్ధిమంతుల్లా అప్పగించేవాళ్ళం కదా. మొన్న దుకాణం దగ్గర నిలబడితే, ఒక సైకిలు మడ్‌గార్డు కింద గోరు పెట్టి ఇంత మన్ను గీకి, నా ముక్కు దగ్గర పెట్టాడు.

"గీ ఎర్ర మన్ను తార్నాకల యాడున్నది బిడ్డా? గిది ఇబ్రహీంపట్నం అవతలిది. నల్లది తగిలితే చేవెళ్ల దిక్కు. సున్నం లెక్కుంటే బీబీనగర్ తొవ్వ. రెండేండ్ల సంది మీరు యాడాడ తిరుగుతున్నరో నాకన్ని ఎరుక."

"మరి ఎందుకు ఊకున్నవు దానయ్యా?"

"నేను ఊరు దాటక ఇర్వై ఏండ్లాయె. నా బండ్లన్న తిరిగొస్తున్నయి గద."

మన పుస్తకం మనకంటే ముందే ఆయన మడ్‌గార్డుల కింద రాసి ఉందన్నమాట. నాకు నవ్వొచ్చింది. అప్పుడే ఆయన, "గా దినం తొమ్మిది నంబరు మీద ఎవలు వోయిన్రు?" అన్నాడు.

"ఎక్కుడా, దిగుడా?" అన్నాను.

"రెండు ఒక్కటే గాదా?" అన్నాడు.

నాకు క్లాసుకు టైమయింది.

నువ్వు అడిగిన బ్రేకు సంగతి. ముందు దుమ్ము బాగా లేచింది, సరిగ్గా కనబడలేదు. అయిపోయినదాన్ని పట్టుకుని ఎందుకు వేలాడతావు? కుంటుతూనైనా సరే, వచ్చి పరీక్ష రాయి. గొడుగుకు కెమిస్ట్రీ రాదు.

మొగిలి


పెనుకొండ, 3-3-1968

మొగిలీ,

పక్కింటివారి సైకిలు అడిగి తీసుకుని, అమ్మకు తెలియకుండా ఊరి బయట కనుమ దాకా వెళ్ళాను. ఎక్కడం బాగానే ఎక్కాను. పైన నిలబడి కిందికి చూశాను. అది చిన్న వాలు. మన మేకలబండ ముందు అది గుమ్మం మెట్టు. బ్రేకులు రెండూ కొత్తవి. కానీ కాలు పెడలు మీద పెట్టలేకపోయాను. దిగి సైకిలును నడిపించుకుంటూ వస్తుంటే, కట్టెల మోపుతో ఎదురొచ్చిన ఒక ముసలామె, "ఏం నాయనా, సైకిలుకు కాళ్ళనొప్పులా, నడిపిస్తాండావు?" అంది. నీకైతే దీనికి మంచి జవాబు దొరికేది.

పరీక్ష రాయడం లేదు. మా నాయనతో ఒప్పుకున్నాను. ఉగాది అయినాక కచేరీలో చేరుతాను.

నువ్వు జవాబు చెప్పలేదు. దుమ్ము లేచిందన్నావు. నేను నీకు ఎన్ని గజాల ముందున్నానో, దుమ్ము ఎటు కొడుతున్నదో నాకు గుర్తుంది. నువ్వు చూశావు. నా చెయ్యి కదలకపోవడం చూసి, నేను బాధపడతానని దాచావు. నీ మంచితనం నాకు అర్థమైంది. కోపం లేదు. మిత్రుడంటే అట్లాగే ఉండాలి.

సంఘాన్ని రద్దు చెయ్యి. దారుల పుస్తకం నువ్వే ఉంచుకో.

ఉమాపతి


బి హాస్టల్, 10-3-1968

ఉమాపతీ,

మొదట ఒక వేళాకోళం రాసి కొట్టేశాను. గీత కింద కనబడుతుంది. చదవకు.

నాది మంచితనం కాదు.

ఆ రోజు గుట్ట కింద వాగు ఇవతల నేను నీళ్ళు తాగడానికి దిగాను. నేను తొక్కుతున్న తొమ్మిదో నంబరు వెనక బ్రేకు దగ్గర ఏదో వేలాడుతుంటే పట్టుకున్నాను. రబ్బరు ఊడి చేతిలోకి వచ్చింది. అప్పటికే నువ్వు వాగు దాటి ఎక్కడం మొదలుపెట్టావు. పైకి పోయినాక చెబుదాంలే అని చొక్కా జేబులో వేసుకున్నాను. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది.

రెండేళ్ళలో మొట్టమొదటిసారి నీకంటే ముందు నేను బండ మీద ఉన్నాను. నువ్వు ఎద్దును తోలుకుని వచ్చి, ఊపిరి అందకపోయినా నవ్వుతూ, "ఈ పొద్దు నీదిరా" అన్నావు. అప్పుడు చెప్పాలి. చెబితే ఇద్దరం రెండు మైళ్ళు సైకిళ్ళు పట్టుకుని నడిచి దిగేవాళ్ళం, అంతే. కానీ గెలిచినవాణ్ణి నడిచి దిగడం నచ్చలేదు. తొక్కుకుంటూ దిగడానికి భయం. భయమని చెప్పడానికి సిగ్గు. ఈ మూడింటికీ కలిపి ఒకటే మందు దొరికింది. కడుపు పట్టుకున్నాను.

నువ్వు నిబంధన గుర్తు చేయలేదు. పదిహేడో నంబరు సీటును నీ తువాలుతో తుడిచి నాకిచ్చావు. నువ్వు ఎప్పుడూ మెల్లగా దిగేవాడివి. మొదటి మలుపులోనే నీకు తెలిసిపోతుంది, కాళ్ళు ఆనించి ఆగిపోతావు అనుకున్నాను. కానీ ఆ రోజు నువ్వు సంతోషంగా ఉన్నావు. పాడుకుంటూ వదిలావు. నేను గెలిచినందుకు సంతోషం అని నాకు ఆ తర్వాత తట్టింది.

వెనక నుంచి నేను చూసింది ఇది. నీ రెండు చేతులూ బ్రేకు కడ్డీలను హ్యాండిలుకు తగిలేదాకా లాగి పట్టుకున్నాయి. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. పడిపోయినాక కూడా వదలలేదు. నేనే విడదీశాను. నీ చెయ్యి తప్పు చేయలేదు. అది చెప్పిన మాట విన్నది. అటువైపు రబ్బరే లేదు.

మీ మామతో సైకిలు బాగుందని అబద్ధం చెప్పాను. దుమ్ము అబద్ధం. ఆపైన నీకు రాసిన ప్రతి జోకూ ఈ సంగతి మీద కప్పిన గోనెపట్టా.

పొద్దున వెళ్ళి ముందు దానయ్యకు చెప్పాను. ఆయన చేతిపని ఆపకుండానే అన్నాడు: "నాకు గా దినమే ఎరుక. రబ్బరుండే తావుల కింద వాగు బురద, మీద గుట్ట దుమ్ము. దిగంగ ఊడితే బురదెట్ల వస్తది? ఎక్కకముందే ఊడ్డది. ఎక్కినోనికి తెల్వకుంటదా? ఎన్నడు నోరిప్పుతడా అని సూస్తున్న."

రబ్బరు ఈ కవరులో పెట్టాను. అయిదు నెలలు నా జేబులోనే ఉంది. చొక్కా మారినప్పుడల్లా జేబు మారింది.

నన్ను తిట్టు. మాట్లాడకు. కానీ నా అబద్ధాన్ని నమ్మి గుమాస్తావు కాకు.

మొగిలి


బి హాస్టల్, 2-4-1968
(కార్డు)

ఉమాపతీ, కవరు అందిందా? అందిందని ఒక్క ముక్క చాలు.

మొగిలి


బి హాస్టల్, 5-5-1968
(కార్డు)

పరీక్షలు అయిపోయాయి. ప్రతి పేపరుకూ నీ నంబరు బల్ల ఖాళీగా ఉంది. సప్లిమెంటరీ సెప్టెంబరులో. జులైలో అప్లికేషను పెట్టాలి. ఈ కార్డులో హాస్యం లేదు.

మొగిలి


పెనుకొండ, 16-6-1968

మొగిలి గారికి,

కవరు అందింది. నాలుగు జవాబులు రాసి చింపాను. ఇది అయిదోది. మిగతావాటికంటే మర్యాదగా ఉంది.

కాలు విరిగినందుకు కాదు. కాళ్ళు విరుగుతాయి, అతుక్కుంటాయి. రబ్బరు పోయిందిరా అంటే నేను నవ్వి నీతోపాటు నడిచి దిగేవాణ్ణి. దిగే దారిలో సీతాఫలాలు కోసుకునేవాళ్ళం. అది నీకు తెలుసు. తెలిసి కూడా. ఆపైన అయిదు నెలలు నేను నా చేతిని అనుమానించాను. అన్నం కలుపుతూ దాన్ని చూసేవాణ్ణి. నువ్వు అక్కడ గొడుగు మీద జోకులు రాస్తున్నావు. నేను వాటిని మా అమ్మకు చదివి వినిపిస్తున్నాను. "ఆ పిల్లోడు బంగారం" అనేది.

నీ ఉత్తరం వచ్చిన మరునాడు కనుమ మీదికి వెళ్ళాను. దిగాను. చెయ్యి పట్టిన చోట సైకిలు ఆగింది. మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగాను. ఆ పూట ఆరుసార్లు. ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. రెండో కాలు విరుస్తుందనుకున్నాను. నా ముఖం చూసి లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది.

కచేరీలో చేరలేదు. పరీక్షకు వస్తాను. తార్నాకలో మామ ఇంట్లో ఉంటాను. నువ్వు కాచిగూడ స్టేషనుకు రావద్దు. ఇంటికీ రావద్దు.

ఉమాపతి


బి హాస్టల్, 25-6-1968

ఉమాపతి గారికి,

రాను.

'గారు' అన్నావు. కడుపులో నిజంగా నొప్పి వచ్చింది.

నేను పాసయ్యాను. ఎమ్మెస్సీలో చేరుతున్నాను. హాస్టలు గది అదే. కెమిస్ట్రీ నోట్సు మీ మామ ఇంటి అరుగు మీద పెట్టి వెళ్తాను. గేటు లోపలికి రాను. అరుగు ఇంటి కిందికి వస్తుందో వీధి కిందికి వస్తుందో ధర్మసందేహమే. కానీ నోట్సు తడవకూడదు కదా.

మొగిలి


తార్నాక, 20-9-1968
(మామ కూతురు చేత పంపిన చీటీ)

కార్యదర్శికి,

ఈ పూటతో పరీక్షలు అయ్యాయి. నోట్సు బాగున్నాయి. అరుగు వీధి కిందికే వస్తుంది.

సాయంత్రం దానయ్య దుకాణానికి వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ముందు నా కాలు చూశాడు, తర్వాత నా చేతిలో ఉన్నది చూశాడు. తొమ్మిదో నంబరు బయటికి తీసి, పానా నా చేతికిచ్చి, అటు తిరిగి కూర్చున్నాడు. "నేను జూడ. నీకూ నీ దోస్తుకూ నడుమ సంగతి" అన్నాడు.

ఎల్లుండి ఆదివారం. పొద్దున ఆరింటికి దుకాణం దగ్గర ఉండు. మేకలబండ. సీతాఫలాలు వచ్చి ఉంటాయి.

నిబంధనకు సవరణ చేస్తున్నాను. ఒక్క రోజుకే. తొమ్మిదో నంబరు మీద నేను ఎక్కుతాను. బండ మీద మార్చుకుంటాం. దించేది నువ్వు.

వెనక బ్రేకుకు నువ్వు పంపిన రబ్బరే వేశాను. బిగించింది నేను. గట్టిగా బిగించానా లేదా అన్నది నువ్వు అడగకూడదు. నేను చెప్పను. పైకి పోయినాక దాన్ని ముట్టుకుని చూడకూడదు.

రాకపోతే అర్థం చేసుకుంటాను.

అధ్యక్షుడు


(అదే చీటీ వెనక)

వస్తున్నాను.

కడుపు బాగానే ఉంది.

మొగిలి